మేకలావిడ మిస్డ్ కాల్

ఆ రోజు ఉదయం రిజిస్టర్‌లో ఆవిడ పేరు పక్కన టిక్కు ఉంది. దాని పక్కనే టైము కూడా ఉంది, ఆరూ నలభై ఒకటి. రెండూ నా చేతిరాతే. ఆ టిక్కు పెట్టేటప్పుడు నేను ఆవిడ గొంతు వినలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు చెప్పాల్సినప్పుడు నాకు నోరు పెగల్లేదు.

నేను పనిచేసేది టెక్సస్‌లో ఒక పల్లెటూరి కౌంటీ షెరీఫ్ ఆఫీసులో, మన జిల్లా పోలీసు ఆఫీసు లాంటి చోట. అంతకుముందు మేమున్న కాపెల్ పట్టణం నుంచి మూడు గంటల డ్రైవ్. మా ఆయనకి ఇక్కడి గాలిమరల దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికితే, కాపెల్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి వచ్చేశాం. గ్రీన్ కార్డు చేతికొచ్చాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం నా వల్ల కాలేదు. డిస్పాచర్ కావాలన్న కాగితం పోస్టాఫీసు గోడ మీద చూసి అప్లై చేశాను. డిస్పాచర్ అంటే అత్యవసర ఫోన్లు ఎత్తి, విషయం కనుక్కుని, రేడియోలో షెరీఫ్ కింద పనిచేసే డెప్యూటీలనీ అంబులెన్సునీ పంపే మనిషి. ట్రైనింగ్ ఇచ్చారు, పరీక్ష పెట్టారు, లైసెన్సు వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కానీ ఫోన్లో మాత్రం గొంతు పెరగదు. ఆ ఒక్క గుణం చూసే తీసుకున్నానని షెరీఫ్ తర్వాత చెప్పాడు.

మొదట్లో నా యాస విని, "అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగేవాళ్ళు. "ఉన్నారు, వెనక జైల్లో" అనేదాన్ని. మెల్లగా అలవాటు పడ్డారు. ఇక్కడివాళ్ళు మాట్లాడేది ఇంగ్లీషే. నాకు మాత్రం ఆ మాటలన్నీ తెలుగులోనే గుర్తుండిపోయాయి, అలాగే రాస్తున్నాను.

షెరీఫ్ ఆఫీసంటే కాపెల్‌లో మా చర్చివాళ్ళకి తుపాకులు, ఛేజింగులు. ఒక పిల్లాడు వాడి అమెరికా యాసలో, "ఆంటీ, మీకు గన్ ఉందా?" అని అడిగాడు. "లేదు నాన్నా, హెడ్‌సెట్ ఉంది" అంటే వాడి మొహం వాడిపోయింది. నిజానికి మాకు వచ్చే ఫోన్లలో సగం పశువులవే. హైవే మీద ఆవులు, ఎవరి కంచె తెంచుకుని వచ్చాయో తెలియని గుర్రం. ఆ తర్వాత గడ్డి మంటలు, కంచె తగాదాలు, బట్టల మెషీన్లో పాము. కోర్టు కాగితాలు ఇంటింటికీ తీసుకెళ్ళి ఇవ్వడం డెప్యూటీల పని. ఆఫీసు వెనక తలుపు తీస్తే జైలు, పద్నాలుగు మంచాలు. పొద్దున ఎంతమందికి టిఫిన్ కావాలో వంటావిడకి చెప్పేది కూడా నేనే. షిఫ్టుకి ఇద్దరే డెప్యూటీలు. కౌంటీ ఈ కొస నుంచి ఆ కొసకి కారులో దాదాపు గంట పడుతుంది.

వీటన్నిటి మధ్య ఉదయం రిజిస్టర్ ఒకటి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ పేర్లు అందులో ఉంటాయి, అప్పట్లో పదకొండు. వాళ్ళు రోజూ ఆరుకీ ఎనిమిదికీ మధ్య ఆఫీసుకి ఫోన్ చేసి బాగున్నామని చెప్పాలి. మేము టిక్కు పెట్టి టైము రాసుకోవాలి. ఎనిమిదింటికి ఎవరి పక్కన టిక్కు లేకపోతే వాళ్ళకి మేమే ఫోన్ చేస్తాం. ఎత్తకపోతే డెప్యూటీ వాళ్ళింటికి వెళ్తాడు. ఇంతే. ఈ షెరీఫ్ కంటే ముందున్న షెరీఫ్ మొదలుపెట్టిన పద్ధతి. రిజిస్టర్ పైన టైపు చేసిన ఒక లైన్ ఉంటుంది: మనిషితో మాట్లాడిన తర్వాతే టిక్కు పెట్టాలి.

మేకలావిడ ఆ పదకొండు మందిలో ఒకావిడ. డెబ్భై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి, రిటైరయ్యాక కౌంటీ దక్షిణం కొసన మేకలు పెంచుకుంటూ ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. బస్సులో అల్లరి చేసినవాళ్ళని మధ్య దారిలో దింపేసి ఇంటిదాకా నడిపించేదని చెప్పుకునేవారు. మా డెప్యూటీల్లో ఇద్దరు చిన్నప్పుడు అలా నడిచినవాళ్ళే. రోజూ ఏడూ ఇరవైకి ఫోన్ చేసి, "బతికే ఉన్నాను, రాసుకో" అని నేను మాట్లాడేలోపే పెట్టేసేది.

ఒక వసంతకాలం పొద్దున పెట్టేయకుండా లైన్లోనే ఉంది. "ఇదిగో అమ్మాయ్, ఆ పుస్తకంలోంచి నా పేరు కొట్టేయి" అంది.

"ఏమైందండీ?"

"అది నేను పాలు పితికే టైము. చెవి మెషీన్ అప్పటికి పెట్టుకోను. నువ్వేదో అడుగుతావు, నాకు వినపడదు, నేను అరుస్తాను, మేకలు బెదురుతాయి. ఎందుకొచ్చిన గోల నాకు?"

ఆవిడ మొండిదని ఊరందరికీ తెలుసు. పేరు కొట్టేస్తే ఆ కొసన ఆవిడ పడిపోయినా అడిగే దిక్కుండదు. అప్పుడు నాకో ఆలోచన తట్టింది. "మీరు మాట్లాడొద్దు. రెండుసార్లు మోగనిచ్చి కట్ చేసేయండి. మీ నంబరు నాకు స్క్రీన్ మీద కనపడుతుంది, అది చూసి రాసుకుంటాను. మా దేశంలో అందరం ఇలాగే చేస్తాం" అన్నాను.

మా ఇంట్లో అన్నం వండేది మిస్డ్ కాల్‌ని బట్టే. నాన్న డ్యూటీ దిగగానే ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు, అమ్మ ఎసరు పెట్టేది. తమ్ముడు హాస్టల్‌కి చేరితే ఒక మిస్డ్ కాల్. పిన్ని బస్సెక్కితే ఒకటి, దిగితే ఇంకొకటి. ఫోన్ ఎత్తితే తిట్లు పడేవి. ఈ సంగతంతా విని మేకలావిడ మొదటిసారి నాతో నవ్వింది. "మీవాళ్ళకి బుర్రుంది" అంది. నేను పొంగిపోయాను.

ఈ ఏర్పాటు నేను ఎవరికీ చెప్పలేదు. సోమవారం నుంచి గురువారం దాకా పొద్దున షిఫ్ట్ నాది. ఆ నాలుగు రోజులూ ఆవిడ మిస్డ్ కాల్ ఇచ్చేది, మిగతా మూడు రోజులు గొణుక్కుంటూ మాట్లాడేది. రిజిస్టర్ పైన టైపు చేసిన లైన్ రోజూ నా కళ్ళ ముందే ఉండేది. అది నాకు వర్తించదని ఎందుకు అనుకున్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. తెలివైనదాన్ని అనుకున్నాను, అంతే.

ఆగస్టులో ఒక బుధవారం. పొద్దున ఆరున్నరకి హైవే మీద గడ్డిమోపుల ట్రక్కు బోల్తా పడింది. రోడ్డంతా గడ్డి, వెనక కార్లు ఆగిపోయి ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. అదే సమయానికి జైల్లో ఒక గదిలో డ్రైనేజీ పొంగి లోపలివాళ్ళు తలుపులు బాదుతున్నారు. ఒక చెవిలో ట్రక్కు డ్రైవరు, ఇంకో చెవిలో రేడియో. అప్పుడు మూడో లైన్ మోగింది. ఒక్కసారి మోగి ఆగిపోయింది. స్క్రీన్ మీద మేకలావిడ నంబరు. ట్రక్కు డ్రైవరుతో మాట్లాడుతూనే ఎడమ చేత్తో రిజిస్టర్ లాక్కుని టిక్కు పెట్టి టైము రాసేశాను.

మా ఒప్పందం రెండుసార్లు మోగాలని. మోగింది ఒక్కసారే. ఆవిడ టైము ఏడూ ఇరవై, అప్పటికి ఏడు కూడా కాలేదు. రెండూ నాకు తెలుసు. ఇవాళ తొందరగా లేచినట్టుంది అనుకున్నాను, ఆ మాట కూడా సగమే అనుకుని ట్రక్కు దగ్గరికి అంబులెన్స్ పంపే పనిలో పడ్డాను. ఎనిమిదింటికి రిజిస్టర్ చూశాను. పదకొండు టిక్కులూ ఉన్నాయి. బొత్తిగా ఖాళీ లేని పేజీ చూస్తే నాకు సంతోషంగా ఉండేది, ఆ రోజు కూడా ఉంది.

పదీ ఇరవైకి ఇంకో ఫోన్. ఆ వైపు పోస్టు పంచే ఆవిడ. "బ్రిడ్జి దాటాక రోడ్డు మీద మేకలున్నాయి. ఏడో ఎనిమిదో. చెవులకి నీలం బిళ్ళలు. గేటు బార్లా తీసి ఉంది" అంది.

నీలం బిళ్ళలంటే మేకలావిడవే. ఇలాంటప్పుడు యజమానికి ఫోన్ చేసి మీ పశువులు బయటికొచ్చాయని చెప్పడం మా పద్ధతి. చేశాను. చివరిదాకా మోగింది. మళ్ళీ చేశాను. మోగి మోగి ఆగింది. ఈవిడకి చెవి మెషీన్ పెట్టుకోవడానికి ఏం రోగం అని విసుక్కున్నాను కూడా. అప్పుడు ఎందుకో రిజిస్టర్ దగ్గరికి లాక్కున్నాను. ఆరూ నలభై ఒకటి. ఏడూ ఇరవై కాదు. ఆవిడ గేటు తీసి పెట్టే మనిషి కాదు. బస్సు తలుపు వేయకుండా ముప్ఫై ఏళ్ళలో ఒక్క అడుగు ముందుకు కదపలేదని గొప్పగా చెప్పుకునే మనిషి. ఆ ఒక్క మోత మిస్డ్ కాల్ కాకపోతే?

బయట ఎండ అప్పటికే నూరు ఫారెన్‌హీట్‌కి దగ్గరలో ఉంది.

ఇద్దరు డెప్యూటీల్లో ఒకడు ఖైదీని పక్క కౌంటీ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. రెండోవాడు కౌంటీ ఉత్తరం కొసన కోర్టు కాగితాలు ఇస్తున్నాడు. షెరీఫ్ కోర్టు భవనంలో మీటింగ్‌లో ఉన్నాడు. రేడియోలో రెండో డెప్యూటీని పిలిచి, మేకలు రోడ్డు మీద ఉన్నాయని, ఆవిడ ఫోన్ ఎత్తడం లేదని చెప్పాను.

"ఇంకో రెండు ఇళ్ళున్నాయి మ్యామ్. అవి ఇచ్చేసి వెళ్తాను" అన్నాడు. మళ్ళీ, "ఆవిడ పొద్దున ఫోన్ చేసింది కదా?" అన్నాడు.

రేడియోలో ప్రతి మాటా రికార్డవుతుంది. నా వేలు మాట్లాడే బటన్ మీదే ఉంది. వచ్చింది, ఆరూ నలభై ఒకటికి ఫోన్ వచ్చింది అంటే చాలు. అబద్ధం కూడా కాదు. వాడు కాగితాలు ఇచ్చేసి గంటలో వెళ్తాడు, ఆవిడ గడ్డి కోసుకుంటూ కనపడుతుంది, నా మిస్డ్ కాల్ సంగతి ఎవరికీ తెలియదు. మాట్లాడలేదు అంటే మాత్రం ఆ టిక్కు దొంగ టిక్కు అని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. లైసెన్సు పోతుంది. ఎంత కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం. నా యాస వినీ నన్ను నమ్మిన ఊరు. ఇవన్నీ ఆలోచించాను. ఆవిడ గురించి కూడా ఆలోచించాను అని రాయాలని ఉంది, కానీ ఆ కాసేపూ ఆలోచించింది నా గురించే.

"మ్యామ్? వింటున్నారా?"

"ఫోన్ మోగింది. ఒక్కసారి మోగి కట్టయింది. నేను గొంతు వినలేదు. వినకుండానే టిక్కు పెట్టాను" అన్నాను.

 అవతల కాగితాలు సీటు మీద పడేసిన చప్పుడు, ఇంజను చప్పుడు. "బయల్దేరాను. దక్షిణం వైపు వాలంటీర్లని పిలవండి. అంబులెన్స్ కూడా" అన్నాడు. వాడు చిన్నప్పుడు ఆవిడ బస్సు దిగి నడిచిన ఇద్దరిలో ఒకడు.

మాకు ఫైర్ సర్వీస్ అంటే ఊళ్ళోని వాలంటీర్లే. ఆవిడ ఇంటికి ఎనిమిది మైళ్ళ దూరంలో దాణా కొట్టు నడిపే ఆయన అందరికంటే దగ్గర. కొట్టు అలాగే వదిలేసి బయల్దేరాడు. డెప్యూటీ రావడానికి నలభై నిమిషాలు. నేను ఆవిడ ఫోన్‌కి మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. మళ్ళీ. మధ్యలో ఇంకెవరో కుక్క తప్పిపోయిందని చేశారు, వాళ్ళ కుక్క రంగు రాసుకున్నాను. ప్రార్థన చేద్దామంటే నోరు రేడియోకి, ఫోన్లకి పోయింది. ప్రభువా అనే మాట లోపలే తిరుగుతోంది, దాని తర్వాత ఏమడగాలో తెలియడం లేదు. బతికుంటే చాలు అని అడగాలా, నా తప్పు బయటపడకుండా బతికుండాలని అడగాలా? ఆ స్థితిలో కూడా నా మనసు రెండోదాని చుట్టూ తిరుగుతోంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

పన్నెండు నిమిషాలకి దాణా కొట్టాయన రేడియోలోకి వచ్చాడు. "గేటు దగ్గర ఉన్నాను. ఆవిడ ట్రక్కు ఇక్కడే ఉంది." కాసేపటికి, "ఇంట్లో లేదు. స్టవ్ మీద కాఫీ గిన్నె చల్లగా ఉంది." ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను పిలవలేదు. పిలిస్తే ఏం వినాల్సి వస్తుందో అని భయం.

"దొడ్లో ఉంది. నీళ్ళ తొట్టి పక్కన. తొడ ఎముక విరిగినట్టుంది. ఒళ్ళు కాలిపోతోంది." ఆగాడు. "ఊపిరి ఉంది. హెలికాప్టర్‌ని పిలవండి."

పిలిచాను. ప్రతి దానికీ టైము రాశాను. అంకెలు సరిగ్గానే పడ్డాయి, ఆ కాగితం ఇప్పటికీ ఆఫీసులో ఉంది.

జరిగింది తర్వాత తెలిసింది. ఆరున్నర దాటాక, తీసిన గేటు వేయడానికి వెళ్ళేలోపే తొట్టి దగ్గర మేకపోతు వెనక నుంచి పొడిచింది. కింద పడి కాలు విరిగింది. జేబులోంచి ఫోన్ తీసి, అందులో మొదటి నంబరు మాదే కాబట్టి అదే నొక్కింది. మోగుతుండగా మేక మళ్ళీ వచ్చి కొట్టింది. దెబ్బకి కాల్ కట్టయి, ఫోన్ ఎగిరి పది అడుగుల అవతల పడింది. పాకలేకపోయింది. తొమ్మిదిదాకా తొట్టి నీడ ఉంది, ఆ తర్వాత నీడ జరిగిపోయింది. ఒంటి మీది ఏప్రన్‌ని తొట్టి నుంచి కారే నీళ్ళలో తడిపి మొహం మీద కప్పుకుంది. అదే ఆవిడని కాపాడిందన్నారు డాక్టర్లు.

షెరీఫ్ మీటింగ్ నుంచి రాగానే ఆయన అడగకముందే అంతా చెప్పాను, వసంతకాలంలో చేసుకున్న ఒప్పందంతో సహా. అరవై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. కంప్యూటర్‌లో రికార్డింగ్ పెట్టి విన్నాడు. నన్ను కూర్చోమనలేదు, నేనూ కూర్చోలేదు. ఆవిడ పొద్దున ఫోన్ చేసింది కదా అని డెప్యూటీ అడిగిన చోట ఒక ఖాళీ వచ్చింది. ఆయన స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు. పదకొండు సెకన్లు.

"ఆ నాలుగు గంటలూ పొరపాటు. నేను ఇంతకంటే పెద్దవి చేశాను" అన్నాడు. "ఇది పొరపాటు కాదు. ఇక్కడికి వచ్చేసరికి నీకు తెలుసు. ఇందులో ఏం చేస్తున్నావు?"

"ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాను" అన్నాను.

ఆయన తల ఊపాడు. తీసేస్తాడనుకున్నాను, తీసేయలేదు. మూడు వారాలు ఇంటికి పంపాడు, ఫైల్లో కాగితం పెట్టాడు. ఆ కాగితంలో టిక్కు సంగతి ఉంది, మిస్డ్ కాల్ సంగతి ఉంది. ఆ ఖాళీ సంగతి రాయలేదు. రాస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఇంట్లో మా ఆయన నా మొహం చూసి భయపడ్డాడు. అంతా విని, "అయితే ఆవిడ సేఫే కదా? మరి ఎందుకేడుస్తున్నావ్? నువ్వు టైమ్‌కి చెప్పావు కాబట్టే కదా బతికింది" అన్నాడు. అంతా అని రాశాను కానీ అంతా కాదు. ఆ పదకొండు సెకన్లు ఆయనకీ చెప్పలేదు. ఆయన మంచి మనిషి, మంచిని నమ్మేస్తాడు. ఆ రాత్రే కాపెల్‌లో మా చర్చివాళ్ళ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు: మేకల్ని దేవుడే రోడ్డు మీదికి పంపాడని, నా చేత ఒక ప్రాణం నిలబెట్టాడని.

నెలకో ఆదివారం మేము కాపెల్ వెళ్ళి తెలుగు ఆరాధనలో కూర్చుంటాం. మూడో వారంలో వెళ్ళేసరికి అందరికీ తెలిసిపోయింది. పాటలు అయ్యాక పాస్టర్‌గారు, "సిస్టర్, మీరొచ్చి సాక్ష్యం చెప్పాలి" అన్నారు. సాక్ష్యమంటే దేవుడు మన బతుకులో చేసిన మేలు పదిమంది ముందు నిలబడి చెప్పడం. చిన్నప్పటి నుంచి విన్నాను, చెప్పాను కూడా. వద్దని తల ఊపితే మొహమాటం అనుకుని చప్పట్లు కొట్టారు. లేచి మైకు దగ్గరికి వెళ్ళాను. ముందు వరసలో ఆంటీలు అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నారు. మేకలు రోడ్డు మీదికి వచ్చాయని చెప్పాను. ఆవిడ బతికిందని చెప్పాను. దేవునికి స్తోత్రం అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. కింద కూర్చున్నాక పక్కావిడ నా చేయి పట్టుకుని, "ఎంత ధైర్యం అక్కా మీది" అంది. నాకు ఆ చేయి విదిలించుకుని పారిపోవాలనిపించింది. ఆఫీసులో దొంగ టిక్కు పెట్టినప్పుడు ఆలోచించకుండా పెట్టాను. ఇప్పుడు మైకు ముందు పెట్టింది అన్నీ తెలిసి పెట్టాను.

భోజనాలకి ఉండకుండా కారెక్కాం. హైవే ఎక్కాక మా ఆయనకి చెప్పాను, పదకొండు సెకన్లూ, అందులో నేను అనుకున్నవీ, ఒక్కటీ దాచకుండా.  రెండు ఎగ్జిట్లు దాటిపోయాయి.

"ఆవిడని ఏ ఊరి ఆస్పత్రిలో పెట్టారన్నావ్?" అన్నాడు.

"దారిలోనే. ఫిజియోథెరపీ చేసే చోటు."

"వెళ్దాం. ఆ సాక్ష్యమేదో అక్కడ చెప్పు" అన్నాడు. గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు.

మేకలావిడ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంది. మొహం మీద ఎండకి కాలిన చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. సగం అయిపోయింది మనిషి. చెవి మెషీన్ పెట్టుకుని ఉంది. అన్నాళ్ళూ ఫోన్లో గొంతే తప్ప నన్ను చూసింది లేదు. నేను నోరు తెరిచి నమస్కారం చెప్పగానే గుర్తుపట్టింది.

"నువ్వా. కూర్చో" అంది. మా ఆయన బయటే ఆగిపోయాడు.

"మేకల్ని దాణా కొట్టాయన చూసుకుంటున్నాడు" అంది ఆవిడే మళ్ళీ. "పోతుని అమ్మేయమన్నాను."

క్షమించమని అడగడానికి వచ్చానని చెప్పాను.

"నీ ఫోన్ మోగడం విన్నాను" అంది. "ఐదుసార్లు. పది అడుగుల దూరంలో. చెవి మెషీన్ లేదు కానీ రింగు గట్టిగా పెట్టుకుంటాను, లీలగా తెలిసింది."

"ఐదుసార్లే చేశాను."

"తెలుసు, లెక్కపెట్టాను. పని లేదు కదా నాకు." కిటికీ వైపు చూసింది. "దాని కంటే ముందు ఎనిమిదింటి కోసం చూశాను. సూర్యుణ్ణి బట్టి నాకు టైము తెలుస్తుంది. కాల్ కట్టయింది, టిక్కు పెట్టి ఉండదు, ఎనిమిదికల్లా ఈ అమ్మాయి నాకు ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే మనిషిని పంపుతుంది అనుకున్నాను. ఎనిమిదయింది. మోగలేదు. నీడ జరగడం మొదలైంది. అప్పుడర్థమైంది, నువ్వు టిక్కు పెట్టేశావని. ఆ పుస్తకంలో నేను బాగున్నాను."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అది ఇంకా సిగ్గు. డెప్యూటీ అడిగిన ప్రశ్న చెప్పాను. పదకొండు సెకన్లు చెప్పాను. ఆ కాసేపూ ఆవిడ గురించి కాక నా గురించి ఆలోచించానని చెప్పాను. ఆవిడ కళ్ళు తిప్పకుండా విన్నది. అల్లరి చేసిన పిల్లల్ని బస్సు అద్దంలో అలాగే చూసి ఉంటుంది.

"ఇది ఎవరైనా చెప్పమన్నారా నిన్ను?"

"లేదు."

"సరే." చాలాసేపు తన కాలు మీది దుప్పటి సర్దుకుంది. "నిన్ను క్షమిస్తాను. అది దేవుడు నాకు చెప్పిన పని, చేయక తప్పదు. ఇక్కణ్ణుంచి ఇంటికి పోతాను, ఎవరేమన్నా పోతాను. పొద్దున్నే ఫోన్ కూడా చేస్తాను. కానీ నువ్వు ఎత్తొద్దు. నీ గొంతు వింటే నాకు మళ్ళీ ఆ పొద్దున ఎనిమిదింటికి మోగని ఫోన్ గుర్తొస్తుంది. ఇంకెవరినైనా పెట్టమని మీ షెరీఫ్‌కి నువ్వే చెప్పు."

సోమవారం ఆఫీసుకి వెళ్ళి ఆ మాట ఆవిడ అన్నట్టుగానే షెరీఫ్‌కి చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు. ఇప్పుడు నాది మధ్యాహ్నం షిఫ్ట్. నేను వచ్చేసరికి రిజిస్టర్ మూసి బల్ల మీద ఉంటుంది, నేను దాన్ని ముట్టుకోను.